వెలుతురు గింజలు చూపిన సారు

ఫిజిక్స్ లెక్చరర్ సారు మొన్న పోయారు. ఆయన్ను పాఠం చెప్పనివ్వని కంప్యూటర్ సెంటర్ వాళ్లు దండ పంపారు, మనిషిని పంపలేదు. ఆ దండను నేనే పక్కకు నెట్టాను.

నేను నాలుగో తరగతి దాటలేదు. బోరబండలో ముప్పై ఏళ్లుగా రేడియోలు బాగు చేస్తున్నాను. నా చేయి పడితే పలకని రేడియో లేదు. సారు కోస్తా మనిషి, రిటైరయ్యారు. ఒకరోజు రేడియో తెచ్చి, నా డబ్బాలో పాత గాజు ట్రాన్సిస్టర్లు చూసి అక్కడే కూర్చుండిపోయారు. ఒకదాని మీది నల్లరంగు బ్లేడుతో గీకారు.

"గట్ల గీకితే కరాబైతది సారూ!"

"కానివ్వండి. మీటరు తగిలించి ఎండలో పెట్టండి."

మీటరు ముల్లు లేచింది. చేయి అడ్డం పెడితే పడిపోయింది. రంగు ఊడినవి రేడియోలో గరగరమంటాయి. అలాంటివి ఎన్ని పారేశానో! ఎందుకని ఏనాడూ అడగలేదు.

"వెలుతురు ధార కాదండీ, గింజలు. ఒక్కో గింజా తగిలి లోపల ఎలక్ట్రాన్‌ను లేపుతోంది. ఇదే క్వాంటం. ఇది తెలియకపోతే మీ ట్రాన్సిస్టర్ లేదు, కంప్యూటర్ లేదు, లేజర్ లేదు."

ఇన్నేళ్లు నా చేతిలో ఉన్నదేమిటో చెప్పిన మనిషి ఆయనొక్కరే. ఆ తర్వాత రోజూ వచ్చేవారు. టీ పూర్తిగా చల్లారాకే తాగేవారు.

ఆ పాఠమే కొత్తగూడలోని కంప్యూటర్ సెంటర్‌లో చెప్పబోయారు. వారానికి మూడు రోజులు అక్కడ క్లాసు తీసుకునేవారు. మీటరు పట్టుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. కొత్తగా లేచిన అద్దాల మేడల్లో ఉద్యోగం కోసం టై కట్టుకొచ్చిన పిల్లలు. వేలి కింద ఆ కంప్యూటర్‌లో నడుస్తున్నదేమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. సారు మొదలుపెట్టగానే ఓనరు తలుపు తోసుకొచ్చాడు.

"సర్, ఇంటర్వ్యూలో ఇది అడగరు. సిలబస్ చెప్పండి. లేదా రేపటి నుంచి రాకండి."

"పది నిమిషాలు. వినేవాళ్లుంటే చెబుతానండీ."

ముందు వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. ఓనరు చూశాడు. కూర్చుంది. మిగతావాళ్లు నవ్వారు. సారు బోర్డంతా తన చేతిరుమాలుతోనే తుడిచారు.

"నా తర్వాత వచ్చేవాడికి జాగా ఉండాలి కదండీ" అన్నారు.

సెంటర్ ఎదుటి బస్టాపులో నాకు ఒళ్లు మండింది. "గీళ్లకేం చెప్తరు సారూ? మిషన్ల ముంగట కూసున్న మిషన్లు!"

"ఆ అమ్మాయి లేచింది, చూశారా?"

"లేచింది, కూసుంది. ఇగ అయిపాయె."

"లేచిందండీ."

మా బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు. రెండోదీ వదిలేశారు. సుద్దపొడి అంటిన చేతిని ఎండకు అడ్డం పెట్టుకుని, సెంటర్ మెట్లు దిగుతున్న పిల్లల్లో ఒక్కో ముఖమే చూస్తూ నిలబడ్డారు.