వీరుడు రైలు దిగిన పేజీ

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. లాల్‌పేట్‌లో మా వాడ ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట నడిపే తరగతిలో ఇక్కడి భాష మరాఠీ నేర్చుకున్నాను. తెలుగు ఆ తరువాత కోడలు నేర్పింది. అయితే చదవడానికి ఇంట్లో ఎక్కువగా ఉన్నవి హిందీ కామిక్సే, లిపి మరాఠీదే. ముసుగు వేసుకుని ఎగిరే ఒక వీరుడి కథ. నా కొడుకు చిన్నప్పటి నుంచీ వస్తోంది. పాతవన్నీ వాడు ట్రంకు పెట్టెలో దాచాడు, కొత్తవి మనవరాలు కొంటుంది. నేను మొదటిదాని నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను.

ఆదివారం వాడ పిల్లలు మా అరుగు మీద చేరి ఆ కథ గురించి వాదించుకునేవారు. నాకూ కలవాలని ఉండేది. నోరు తెరిస్తే మనవరాలు నవ్వేది.

“బాపమ్మా, నువ్వు బొమ్మలు చూస్తవ్, అంతే. చదివేటోళ్లం మాట్లాడుతున్నం, జర ఆగు.”

ఒకసారి కొత్త పుస్తకం వచ్చింది. వీరుడు తాను కాపాడే మహానగరంలోనే చిన్నప్పుడు బడికి పోయాడనీ, ఇప్పటి శత్రువు అప్పటి స్నేహితుడేననీ అందులో రాశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“గట్లెట్లయితది?” అన్నాను. “పెద్దగైనంకనే గదా గా ఊరికొచ్చింది. రైలు దిగంగనే అంటడు, ఈ ఊరు చూసుడు ఇదే మొదటిసారి అని. మూడో పుస్తకంల, ఎడమ పేజీ కింద.”

“ఆజీ ఉత్తగనే చెప్తుంది,” అంది, నన్ను మరాఠీలో అవ్వ అని పిలిచే పక్కింటి పిల్ల.

మనవరాలు ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చింది. తప్పయితే ఇక ఆ అరుగు మీద నోరెత్తలేను.

“ఉన్నది!” అని అరిచింది. “రాసినోళ్లే మర్చిపోయిండ్రు. నీకెట్ల యాదికున్నదే?”

ఎందుకుండదు? వాళ్లు ఆ పేజీని చిటికెలో తిప్పేస్తారు. ఆ ఒక్క వాక్యం కూడబలుక్కోవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. పొయ్యి మీద పప్పు మాడింది కూడా. చిన్నప్పుడు కోర్పనా చేలల్లో పత్తి ఏరినట్టే చదువుతాను, ఒక్క కాయ వదిలినా వెనక్కి వస్తాను.

“మరి ఇప్పుడు కథెట్ల కలుస్తది?” అని పిల్లలు దిగులుపడ్డారు.

“బడి సంగతి మర్చిపోయిండు కావచ్చు. మిద్దె మీదికెల్లి పడి తలకు దెబ్బ తాకింది గదా!”

మనవరాలు వెంటనే నా మీదికి లేచింది. “అది తొమ్మిదోదాంట్ల, బాపమ్మా! రైలు దిగింది మూడోదాంట్ల! దెబ్బ తాకకముందే ఎట్ల మర్చిపోతడు?”

పిల్లలంతా ఒకటే నవ్వు. నేను వాళ్లకంటే ఎక్కువ నవ్వాను. మనవరాలు ఈసారి నన్ను ఆగమనలేదు, నాతో వాదించింది.