గోడ మీది ఊరు

ఆనందయ్య ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. సొంతూరు జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున. ఫ్యాక్షన్ రోజుల్లో, ఒక ఎన్నికల తర్వాత, అతని భార్య అన్నమ్మ అన్నను చేని దగ్గర నరికి చంపారు. తర్వాత వాళ్ల వీధికి నిప్పు పెట్టారు. కట్టుబట్టలతో ప్రొద్దుటూరు వచ్చి ఇద్దరూ బాడుగ గదిలో చేరారు.

పని లేని వానాకాలంలో, మిగిలిన రంగులతో ఆనందయ్య ఆ గది గోడ మీద ఊరు గీయడం మొదలుపెట్టాడు. చర్చి, బావి, మిద్దెలు. తను మరిచిపోయినవి అన్నమ్మ గుర్తు చేసేది. ఊరొదిలి వచ్చినవాళ్లు ఆదివారాలు వచ్చి ఎవరిల్లు వాళ్లు వెతుక్కునేవారు.

అవతలి వర్గం వీధిలో గొర్రెలు కాసిన గురప్ప కూడా వచ్చాడు. పగ తిరిగి వాళ్ల వీధి మీద బాంబులు పడ్డప్పుడు అతనూ ఊరు వదిలాడు.

"మా గొర్రెల దొడ్డి గూడా గీసినావే అప్పా," అన్నాడు. "ఈడ, తలుపు పక్కన మా యమ్మ కూచునేది."

మర్నాడు ఆనందయ్య తలుపు పక్కన ముసలమ్మను గీశాడు.

పులివెందుల లారీ షెడ్డులో పనిచేసే అన్నమ్మ తమ్ముడు చెన్నయ్య అక్కను చూడవచ్చాడు. గోడ చూసి, "ఈ దొడ్డి ఎవురిది బావా?" అన్నాడు.

"గురప్పది."

"మా యన్నను సంపినోల్లు ఆడ్నే గదా అన్నం తినింది. తుడిపెయ్."

"పెట్టమంటే పెట్టినాడు. పెట్టకుంటే వాన్నే నరికేటోల్లు."

చెన్నయ్య అక్క వైపు చూశాడు. అన్నమ్మ పొయ్యి మీంచి కళ్లెత్తలేదు. "తుడిపెయ్," అంది.

ఆనందయ్య తెల్లరంగు పూశాడు. ముసలమ్మ మీద కూడా.

ఆ ఆదివారం గురప్ప తన భార్య ఈశ్వరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు, చూపిద్దామని. ఆమె గోడంతా వెతికింది.

"మనది యాడుందీ?"

గురప్ప తెల్లటి మరక వైపు చూశాడు. "పోదాం పా," అన్నాడు.

ఆ తర్వాత తుడిపేయమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకరు ఆ ఇల్లు తుడిపేయమంటే ఇంకొకరు ఈ ఇల్లు. ఆనందయ్య కాదనలేకపోయాడు. చివరికొక రోజు గురప్పను వెతుక్కుంటూ అతను కాపలా ఉండే పత్తి మిల్లుకు పోయాడు. ఆలుమగలు బెంగళూరు వైపు పోయారని చెప్పారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

గదికి తిరిగొచ్చి మిగిలిన గోడకంతా సున్నం కొట్టాడు. తర్వాత వాళ్లు ఆ గది కూడా ఖాళీ చేసి మైదుకూరు పోయారు.