పందికొక్కుకి ప్యాంటూ చొక్కా

ఇంగ్లీషు అక్షరం కంటబడితే నేను వదిలేదాన్ని కాదు. అగ్గిపెట్టె, కిరసనాయిలు డబ్బా, టీ పొట్లం, సైకిలు సీటు వెనక భాగం, ఎక్కడున్నా సరే నిలబడి కూడబలుక్కుని చదవాల్సిందే. విడవలూరులో అంగడికి పంపిస్తే ఉప్పు తేవడం మరిచిపోయి, ఉప్పు బస్తా మీది మాట మాత్రం పట్టుకొచ్చేదాన్ని. "ఇంక కూరలో ఆ మాటే ఏసుకుని తినుమే" అని అమ్మ తిట్టేది.

ఇదంతా మా ఇంగ్లీషు టీచరమ్మ అంటించిన పిచ్చి. అరవైల్లో మా హైస్కూలుకి వచ్చిందావిడ. శుక్రవారం ఆఖరి పీరియడులో బోర్డు మీద రెండు అక్షరాలు రాసి, ఆ రెండూ ఉన్న మాటలు చెప్పమనేది. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. చెప్పలేనివాళ్ళు కూర్చోవాలి. కూర్చోవడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే వారమంతా మాటలు ఏరుకుంటూ తిరిగేదాన్ని. మా ఊరు మొత్తం మీద 'క్యూ' అక్షరం టీ పొట్లం మీద తప్ప ఇంకెక్కడా లేదని కనిపెట్టింది నేనే. ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదు.

మా బడిలో ఒకే ఒక డిక్షనరీ ఉండేది, అదీ హెడ్మాస్టరు గారి బీరువాలో. 'ఎస్' అక్షరం సగంలోనే అది ఆగిపోయింది. మిగతాది చెదలు తినేశాయి. "ఆ తర్వాత ఇంగ్లీషు లేదనుకోండి" అని టీచరమ్మ నవ్వేది గాని, ఆ నవ్వు వెనక ఎంత బాధ ఉందో మాకు తెలిసేది. కావలిలో బడుల మధ్య మాటల పోటీ పెడుతున్నారనీ, గెలిచిన బడికి కొత్త డిక్షనరీ ఇస్తారనీ తెలియగానే ఆవిడ నన్నూ, నా పక్కన కూర్చునే అమ్మాయినీ వెంటబెట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా బస్సులో నాకు చెప్పింది ఒకటే మాట: "కోపం తెచ్చుకోబాక." నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆవిడకి బాగా తెలుసు.

పోటీలో ఒక్కొక్క బడీ తప్పుకోగా చివరికి మేమూ, నెల్లూరు పట్నం పిల్లలూ మిగిలాం. ఇస్త్రీ గౌన్లూ, గడగడ ఇంగ్లీషూ వాళ్ళవి. మధ్య బల్ల మీద ఎర్ర అట్ట డిక్షనరీ, దాని వెనక న్యాయనిర్ణేతగా ఒక పెద్ద మాస్టారు. 'బి'తో మొదలై, తర్వాత ఎక్కడైనా రెండు 'ఓ'లు పక్కపక్కన ఉండే మాటలు చెప్పాలన్నాడాయన. బుక్, బూట్, బెలూన్, బబూన్ అయిపోయాయి. పట్నం వాళ్ళు బాంబూ అన్నారు. మా వంతు వచ్చింది.

"బాండికూట్" అన్నాను.

అవతలి పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "అదేం మాటమ్మా? యాడ చదివినావు?" అని అడిగాడు.

"పంచాయతీ ఆఫీసు గోడ మీద సార్. గ్రామసేవకుడు అంటించిన బొమ్మ కింద ఉండాది. పందికొక్కు బొమ్మ."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మాస్టారికీ నవ్వాగలేదు. "పందికొక్కుకి ప్యాంటూ చొక్కా తొడిగితే ఇంగ్లీషైపోతుందా తల్లీ?" అన్నాడు. తర్వాత కాస్త జాలిపడి, "పోనీలే, ఇంకో మాట చెప్పు. కాదు, ఇదేనంటావా, పుస్తకం తీస్తాను. అందులో లేకపోతే బహుమతి వాళ్ళదే" అన్నాడు.

నా పక్కనమ్మాయి మోచేత్తో పొడిచింది. "బ్రూమ్ ఉండాది గదమే, అది చెప్పు" అని గుసగుసలాడింది. నిజమే, చీపురు నాకూ గుర్తుంది. అది చెప్తే మాకేం నష్టం లేదు. కానీ నా ఒళ్ళు మండిపోతోంది. మా మొలగొలుకుల వరిచేను గట్లన్నీ తవ్విపోసి, గాదెలో గింజలు బొక్కిన జంతువది. దాని పేరు ఆ గోడ దగ్గర నిలబడి అక్షరం అక్షరం నేర్చుకున్నాను. దాన్ని చూసి వీళ్ళు నవ్వడమేమిటి? అలాగని నా పంతానికి మా బడి డిక్షనరీ పణంగా పెట్టనా? టీచరమ్మ వైపు చూశాను.

ఆవిడ మొహం పాలిపోయి ఉంది. "నీ కళ్ళతో చూసినావా?" అంది.

"చూసినాను టీచర్."

"అయితే దాని మీదే నిలబడు."

"పుస్తకం తీయండి సార్" అన్నాను.

మాస్టారు కొత్త పేజీలు విడదీసుకుంటూ వెతికాడు. ఒకచోట వేలు ఆగింది. చదివాడు, మళ్ళీ చదివాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఉంది. స్పెల్లింగుతో సహా ఉంది. కిందేం రాశారో వినండి. ఇది తెలుగు మాట. మన పందికొక్కు నుంచే వచ్చిందట." నా వైపు తిరిగి, "ప్యాంటూ చొక్కా తొడిగింది నువ్వు గాదమ్మా, దొరలే తొడిగినారు" అన్నాడు.

ఈసారి హాలంతా నా పక్షాన నవ్వింది. పట్నం పిల్లలకి మరో మాట తట్టలేదు. మా దగ్గర చీపురు ఇంకా మిగిలే ఉంది. టీచరమ్మ ఆ ఎర్ర అట్ట పుస్తకాన్ని బైబిలు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని బస్సెక్కింది. దిగేటప్పుడు దాన్ని నా చేతుల్లో పెట్టి, "సోమవారం బడికి తీసుకురా. ముందు మీ నాయనకి చూపించు" అంది. ఆ పుస్తకం మోసుకుంటూ ఊళ్ళో నడిచినప్పుడు కలిగినంత గర్వం నాకు తర్వాత ఎన్నడూ కలగలేదు.

ఇంటికొచ్చేసరికి నాయన చేలో కలుగులు తవ్వివచ్చి, పార కడుక్కుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. "మన గాదెలో తిన్నది చాల్లేదా దానికి, ఇంగ్లీషు పుస్తకంలో గూడా దూరిందా!" అన్నాడు. చేతులు పంచెకి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "తెలుగు అని రాసుండేది యాడ?"

వేలు పెట్టి చూపించాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ చిన్న అక్షరాల మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అయితే అంతమంది ముందర మన మాటే చెప్పి గెలిచొచ్చినావు."

"ఔను నాయనా."

నాయన తలెత్తి వంటింటి వైపు కేకేశాడు. "ఏమే, ఇట్రా! మన బిడ్డ ఏం జేసుకొచ్చిందో చూడు. ఈ ఒక్క పూటకి పందికొక్కుని తిట్టబాక."