బల్ల మీది ముసలమ్మ

మా అక్క ఒకప్పుడు వీడియో గేముల్లో మనుషుల్ని తయారుచేసిందంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. వాళ్ల తప్పేమీ లేదు, ఆమె ఇప్పుడు ఎంబ్రాయిడరీ షాపులో స్కూలు చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు కుడుతుంది. ముప్పై ఏళ్ల కిందట మాత్రం పరుపుల కొట్టు పైన రెండు గదుల్లో ఉన్న గేముల కంపెనీలో, గళ్ల కాగితం మీద పెన్సిలుతో గళ్లు నింపేది. మనిషికి అడ్డంగా పదహారు గళ్లు, నిలువుగా ఇరవై నాలుగు. ముక్కూ మొహమూ, కోపతాపాలూ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

వాళ్లు చేసిన ఆటలో హీరో వీధుల వెంట పరిగెడుతూ కనిపించినవాణ్ణల్లా తంతాడు. రెండో వీధిలో అక్క ఒక బల్ల వేసి, దాని మీద ఒక ముసలమ్మను కూర్చోబెట్టింది. ఆవిడ ఎవర్నీ తన్నదు, ఎవరిచేతా తన్నులు తినదు.

కంపెనీ యజమాని చూసి, "ఈవిణ్ణి కొడితే పాయింట్లొస్తాయా?" అన్నాడు.

"రావండీ."

"మరి దేనికమ్మా? తీసెయ్."

తీసేసింది. ఆ తర్వాతే ఆట మార్కెట్లోకి వెళ్లి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

ఆ ముసలమ్మ మా అమ్మ. అక్క పని నుంచి వచ్చేదాకా రోజూ బస్టాపు పక్క బల్ల మీద కూర్చునేది. ఎవరెంత చెప్పినా వినేది కాదు. ఆమె పోయి పదకొండేళ్లయింది.

మొన్న ఆదివారం పాత ఆటల ప్రేమికుల సంఘం ప్రెసిడెంటు, సెక్రటరీ వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. ప్రెసిడెంటు వృత్తికి పళ్ల డాక్టరు. చేతులకు తెల్లటి గ్లోవ్స్ తొడుక్కుని పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బా, అందులోంచి ముఖమల్ గుడ్డ, దాంట్లోంచి ఒక గేము క్యాసెట్ తీశాడు. తుక్కు కొట్లో దొరికిందట. మా అక్క చేసిన ఆటే, అమ్మకానికి ముందు తయారైన మొదటి ప్రతి.

"అమ్మిన ఆటను ఊరందరూ ఆడారండీ, అందులో ఏముంది?" అన్నాడు. "తయారుచేసినవాళ్ల అసలు మనసు మొదటి ప్రతిలోనే ఉంటుంది. ఏం పెట్టారు, ఏం తీసేశారు, అన్నీ దీంట్లో ఉంటాయి."

ఆ మాట నాకు నచ్చింది. ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

సెక్రటరీ ఆట అమ్మకానికి రాకముందు అచ్చైన ఒక పాత పత్రికలో ముసలమ్మ బొమ్మ చూసి నలభై పేజీల వ్యాసం రాశాడట. "ఆవిడ కాలానికి ప్రతీక. అందుకే కదలదు" అన్నాడు.

"కదుల్తుందండీ, తల తిప్పుతుంది" అంది అక్క.

సెక్రటరీ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మీరు ఆడలేదా?" అనడిగింది అక్క.

"అమ్మో! ఆడితే పాడైపోదూ?" అన్నాడు ప్రెసిడెంటు. "ఇది మొదటి ప్రతేనని మీరొక్క సంతకం పెడితే చాలు. అద్దాల బీరువాలో పెట్టేసుకుంటాం."

నాకు ఒళ్లు మండింది. "ఆడని ఆట ఎందుకండీ, హారతివ్వడానికా?" అన్నాను. అక్క నన్ను కళ్లతోనే గదిమి, "చూడకుండా సంతకం పెట్టను" అంది.

వాళ్లిద్దరూ వరండాలోకి వెళ్లి అరగంట గుసగుసలాడారు. ఒక్క పది నిమిషాలు ఆడడానికి ఒప్పుకున్నారు. అక్క అటక మీంచి పాత గేము పెట్టె దించి టీవీకి తగిలించింది. మొదటి వీధి దాటింది. రెండో వీధిలో బల్ల, బల్ల మీద అమ్మ. తల తిప్పి వీధి చివరికేసి చూసింది. కళ్లంటే రెండు చుక్కలే, అయినా అది అమ్మ చూపే. నాకు ఏడుపొచ్చింది. అక్క బటన్లు నొక్కడం మానేసింది. రౌడీలు వచ్చి హీరోను చితకబాదుతున్నా ఆమెకు పట్టలేదు.

"హీరో పోయాడండీ" అన్నాడు సెక్రటరీ బాధగా.

"దీన్ని నాకు ఒక కాపీ చేసిస్తారా?" అనడిగింది అక్క. అంత బతిమాలుతున్నట్టు ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"కాపీనా!" ప్రెసిడెంటు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఇంకోటుంటే దీనికి విలువేముంటుందమ్మా?"

అక్క కాసేపు టీవీ వంకే చూసింది. తర్వాత పెన్ను తీసి సంతకం చెయ్యబోయి ఆగింది.

"అయినా ఇది మొదటిది కాదండీ."

"కాదా?"

"మొదటిదాంట్లో హీరో దగ్గరికి రాగానే ఆవిడ బల్ల మీంచి లేచి ఎదురొస్తుంది. ఇందులో లేవలేదుగా. ఇది రెండోది."

ప్రెసిడెంటు గ్లోవ్స్ విప్పేశాడు. ఇందాకటిదాకా పసిబిడ్డలా ఎత్తుకున్న క్యాసెట్ను ఇప్పుడు గేము పెట్టెలోంచి రెండు వేళ్లతో లాగి పట్టుకున్నాడు. అసలుది ఎక్కడుందో అడిగాడు, అక్క తెలియదంది. రెండో ప్రతులకు తమ బీరువాలో చోటివ్వకూడదని సంఘం రూలట.

"ఇది మీరే ఉంచుకోండమ్మా" అని డబ్బాలు, ముఖమల్ గుడ్డ మాత్రం పట్టుకుని, అసలైన మొదటి ప్రతిని వెతకడానికి ఇద్దరూ ఆదరాబాదరాగా వెళ్లిపోయారు.

అక్క మళ్లీ ఆట మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని, "అమ్మ లేచొచ్చే ప్రతి కూడా చేశావా అక్కా? నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాను.

"ఒకటే చేశాంరా" అంది టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఆ మోకాళ్లతో అమ్మ ఎక్కడ లేస్తుంది?"