న్యూట్రల్ వరసలో ఒక తెలివైన కారు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, హైటెక్ సిటీకి దగ్గరలోని ఒక స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పార్కింగ్ ఏర్పాట్లు చూడమని నన్ను వేశారు. స్టేడియం పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ రోజు కారేసుకుని వచ్చినవాళ్లు ఎలాగూ మరిచిపోయి ఉండరు.

అప్పటికి నేను ఒక ప్రైవేటు సంస్థలో పార్కింగ్ ఆపరేషన్స్ మేనేజర్‌ని. బడి మొహం చూడకుండా, ఇంట్లోనే మా నాన్నగారి దగ్గర చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసినదాన్ని. అలాంటిదాన్ని అద్దాల మేడల మధ్య ఇంతమంది మీద అజమాయిషీ చేసే ఉద్యోగంలో నిలబెట్టినందుకు రోజూ దీపం వెలిగించేటప్పుడు స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని. మ్యాచ్ ఉన్న రోజున ఆ దణ్ణం కాస్త ఎక్కువసేపు పట్టేది.

మా వృత్తిలో హోదాలు తక్కువే. బండిని చేత్తో చూపించి నిలబెట్టేవాడు మార్షల్. ఒక మైదానంలోని మార్షల్స్ అందరికీ పెద్ద సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ల పైన నేను. మ్యాచ్ రోజున మాత్రం నా పైన ఇంకొకరు ఉంటారు, నిర్వాహకుల తరఫున వచ్చే ఈవెంట్ కోఆర్డినేటర్. ఆ రోజు వచ్చినాయన కిరణ్ గారు. భీమవరం మనిషి, మాట మెత్తన. చేతిలో వాకీటాకీ, మెడలో రెండు గుర్తింపు కార్డులు, మొహంలో ఎవరికో జవాబు చెప్పుకోవాల్సిన వాడి కంగారు ఎప్పుడూ ఉండేవి.

ఈ పని తెలియనివాళ్లు స్టేడియంలో సమస్య జాగా అనుకుంటారు. కాదు, వీఐపీలు. గేటు పక్కన ఉండే చిన్న జాగా వీఐపీలకు. ఆ జాగాలో పట్టే కార్లెన్నో చూసి పాస్‌లు పంచడం ధర్మం. నిర్వాహకులు మాత్రం తమకు తెలిసినవాళ్లు ఎందరో చూసి పంచుతారు. వీఐపీ పాస్ అందరి దగ్గరా కనబడేసరికి వీవీఐపీ అని ఒకటి పుట్టింది. దాని పైన బంగారు రంగులో ‘ఆల్ యాక్సెస్’ అని మరొకటి వచ్చింది. ఆ మ్యాచ్‌లో మామూలు టికెట్టు కొనుక్కుని వచ్చినవాడే అపురూపమైన మనిషి. అలాంటివాడు కనబడితే మా సూపర్‌వైజర్ యాదగిరి లేచి నిలబడేవాడు.

పైగా ఆ ఏడాదే యాప్ వచ్చింది. ముందే చోటు బుక్ చేసుకుని, గేటు దగ్గర ఫోన్ చూపిస్తే చాలన్నారు. మైదానం చుట్టూ అంత జనం ఒక్కసారి ఫోన్లు తీస్తే సిగ్నల్ ఏమవుతుందో, ఫోన్లతోనే బతుకుతున్న ఈ ప్రాంతంలో ఒక్కరికీ తట్టలేదు. గేటు ముందు ప్రతి కారులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఫోన్‌ని ఆకాశానికి చూపించేది. దూరం నుంచి చూస్తే హారతి ఇస్తున్నట్టుండేది. ఆ యాప్ తయారుచేసిన పిల్లలకు నేను ఇవాళ్టికీ కృతజ్ఞురాలిని. రబ్బరు స్టాంపు వేసిన కాగితం ఎంత గొప్పదో నాకు తెలియజేసింది వాళ్లే.

ఇక ఆ రోజు సంగతి. ఖాజాగూడ వైపున్న బండరాళ్ల మైదానం మా మూడో నంబరు పార్కింగ్. దాని వెనకే పాత ఊరి గల్లీలు. మ్యాచ్ కోసం ఆ గల్లీల మొదట్లో బారికేడ్లు పెట్టి, స్కూటర్లు తప్ప మరేవీ దూరకుండా మూసేస్తారు. అందుకని ఊరివాళ్ల కార్లను పొద్దున్నే మా మైదానంలో గోడ పక్క వరసలో పెట్టించి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్లవచ్చని మాట ఇస్తాం. ఆ మాట ఇచ్చింది నేనే. నర్సింలు గారని, సెంట్రింగ్ పని కాంట్రాక్టులు చేసే పెద్దమనిషి, ఆ మాట మీదే తన కారు పెట్టాడు. అది బంతిపూల దండలతో అలంకరించిన కారు. ఆ సాయంత్రమే ఆయన కూతురు శిరీష పెళ్లి, లింగంపల్లిలో ఫంక్షన్ హాల్. ఇంట్లో గౌరీపూజ కాగానే పెళ్లికూతురు ఆ కారులో వెళ్లాలి.

గోడ పక్క వరసకు ముందు మేము ఇంకొక వరస పెట్టించేవాళ్లం. దాన్ని న్యూట్రల్ వరస అంటాం. అందులో పెట్టే బండి గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకూడదు. వెనక బండి బయటికి రావాలంటే మార్షల్స్ ముందు బండిని చేత్తో తోసి దారి ఇస్తారు. జాగా చాలని ఈ నగరంలో సినిమా హాళ్ల నుంచి ఆఫీసుల దాకా అందరూ చేసేదే. చదువు, హోదా అక్కర్లేని ఏర్పాటు. ముక్కూమొహం తెలియని మనిషి మీద నమ్మకం ఉంటే చాలు.

మ్యాచ్ మొదలయ్యే వేళకు ఒక ఎలక్ట్రిక్ కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. అందులో వచ్చింది మ్యాచ్ ఖర్చులో కొంత భరిస్తున్న ఒక కంపెనీ పెద్ద, ఆ సాయంత్రానికి గౌరవ అతిథి. బంగారు పాస్ ఉంది. కానీ బంగారు పాస్‌ల జాగా అప్పటికే బంగారు పాస్‌లతో నిండిపోయింది. డ్రైవర్ లేడు, ఆ కారు తనే నడుపుకుంటాడట. న్యూట్రల్ వరసలో సరిగ్గా పూల కారు ముందే చోటుంది.

“సార్, న్యూట్రల్‌ల పెట్టి పోండ్రి,” అన్నాడట యాదగిరి.

“దీనికి న్యూట్రల్ ఏమిటయ్యా? ఇది కారు కాదు, చక్రాలున్న కంప్యూటర్,” అన్నాడట ఆయన. యాదగిరి ఇంకేదో అనబోతే వాకీటాకీలో కిరణ్ గారి గొంతు వచ్చింది. సార్‌ని ఆపవద్దు, స్టేజీ మీద ఎదురుచూస్తున్నారని. అతిథి దిగి నాలుగడుగులు వేయగానే కారు తనంతట తనే తాళం వేసుకుని, అద్దాలు మూసుకుని, నాలుగు చక్రాలూ బిగించుకుంది.

ఆట మొదలయ్యాక కాసేపటికి పెళ్లివారు గల్లీలోంచి నడిచి వచ్చారు. నేను అప్పుడు మైదానంలోనే ఉన్నాను. ముందు నర్సింలు గారు, వెనక భార్య, మధ్యలో పట్టుచీరలో కొబ్బరిబోండం పట్టుకుని శిరీష. మార్షల్స్ ఆరుగురు ఎలక్ట్రిక్ కారు వెనక చేరి తోశారు. పెళ్లివారి మగవాళ్లు కూడా చేతులు వేశారు. కారు కదల్లేదు కానీ మాట్లాడింది. తన చుట్టూ మనుషులున్నారని ఆడగొంతుతో ఇంగ్లీషులో హెచ్చరించింది.

“బతిమాలుతున్నదా, తిడుతున్నదా?” అని అడిగాడు పెళ్లికూతురి మేనమామ.

“తిడుతున్నది,” అన్నాడు యాదగిరి.

నర్సింలు గారు నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “అమ్మా, మీ మాట మీదనే గద బండి పెట్టినం. ముహూర్తం దగ్గరికొచ్చె. క్యాబోళ్లు ఒక్కడు గూడ వస్తలేడు. ఇగ నేను పిల్లను ఎట్ల తీస్కపోవాలె?”

 ఒక నిమిషం ఓపిక పట్టమని చెప్పి స్టేడియంలోకి పరిగెత్తాను. అతిథుల బాక్స్ దగ్గర నన్ను ముగ్గురు ఆపారు. ఆ రోజంతా ఇంత శ్రద్ధగా పాస్ అడిగినవాళ్లు మరెవరూ లేరు. చివరికి కిరణ్ గారే లోపలికి తీసుకెళ్లారు. దారిలో, “కాస్త నెమ్మదిగా చెప్పండి మేడం, ఆయన ఫీలవుతారండి,” అని నాకు పాఠం చెప్పారు.

అతిథి సమోసా తింటున్నాడు. విషయం విని ఎంతో మర్యాదగా నవ్వాడు. “దానికి మనుషులెందుకు మేడం? ఇక్కడి నుంచే జరుపుతాను చూడండి,” అంటూ ఫోన్ తీసి నొక్కాడు. తెర మీద ఒక సున్నా తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. “నెట్‌వర్క్ లేదే,” అన్నాడు, అలాంటి కష్టం తనకు కాక ఇంకెవరికో రావాల్సినట్టు.

కారు తెరిచే కార్డు ఆయన జేబులోనే ఉంది. ఒక్కసారి వచ్చి జరిపి వెళ్లమన్నాను. హాఫ్ టైమ్‌లో మైదానంలోకి పిలుస్తారని, కెమెరాలుంటాయని, అది అయ్యాక చూద్దామని అన్నాడు. పోనీ కార్డు ఇస్తే మా డ్రైవర్ చేత తీయిస్తానన్నాను. “సారీ మేడం, ఇది అందరూ నడిపే కారు కాదు.”

పెళ్లి ముహూర్తం అని మళ్లీ చెప్పాను.

“అర్థమైంది. కానీ డెడ్‌లైన్ అన్నాక కొంచెం బఫర్ ఉంచుకుంటారు కదా. పంతులుగారితో ఒకసారి మాట్లాడి చూడమనండి,” అన్నాడు. నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. చెడ్డవాడని నేను అనను. లగ్నం కూడా తన కింద పనిచేసే వాళ్లలో ఒకటనుకున్నాడు, అంతే. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మైదానంలో అప్పటికి పెళ్లికూతురు ఒక నిర్ణయానికి వచ్చేసింది. శిరీష రాయదుర్గంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది, రోజూ స్కూటీ మీదే వెళ్తుంది. ఆ స్కూటీని తమ్ముడి చేత మైదానంలోకి తెప్పించి పెట్టుకుంది.

తల్లి ఏడుపు గొంతుతో అంటోంది, “పెండ్లిపిల్ల స్కూటీ నడుపుకుంట పోతదా? నలుగురు చూస్తే ఏమనుకుంటరే?”

“ఆ నలుగురు ట్రాఫిక్‌ల ఇరుక్కొని ఉన్నరమ్మా. వాళ్లు అనుకునేలోపట మనం హాల్ల ఉంటం. నాయినా, నువ్వు ఎన్కకు కూసొని బోండం పట్టుకో. అమ్మ మామ బండి మీద వస్తది. జర పరేషాన్ గాకుండ్రి.”

ఒక్కటే అడ్డంకి. మైదానం నుంచైనా, వెనక గల్లీల నుంచైనా పెద్ద రోడ్డుకు ఒకే దారి. ఆట సగం దాటేదాకా అది లోపలికి వచ్చే కార్లకే. ఊరివాళ్ల కోసం ఖాళీగా ఉంచాల్సిన అంచు మీద కూడా రెండు వరసలుగా నిండి వస్తున్నాయి, స్కూటీ కూడా ఎదురు పోలేదు. అలాంటప్పుడు వచ్చే బండ్లను దూరంగా ఒక చోట నిలిపేయడాన్ని హోల్డింగ్ అంటాం. మ్యాచ్ మొదలయ్యాక హోల్డింగ్ పెట్టాలంటే కోఆర్డినేటర్ అనుమతి కావాలి. నేను వాకీటాకీలో అనుమతి అడగలేదు. పెడుతున్నానని చెప్పాను.

“వద్దు మేడం, ఇన్‌బౌండ్ ఆపకండి. స్పాన్సర్ల బండ్లు లైన్‌లో ఉన్నాయండి,” అన్నారు కిరణ్ గారు.

“వాళ్లు కాసేపు ఆగుతారు కిరణ్ గారూ. లగ్నం ఆగదు.”

యాదగిరి రోడ్డు మొదట్లో తాడు కట్టేశాడు. ఆలస్యంగా వచ్చిన బంగారు పాస్‌లన్నీ తాడుకు అవతల వరసగా నిలబడి హారన్లు కొట్టాయి. ఖాళీ అయిన దారిలో ముందు స్కూటీ, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బాసికం మీద హెల్మెట్ పట్టక దాన్ని హ్యాండిల్‌కి తగిలించుకుని శిరీష. వెనక బోండంతో నర్సింలు గారు. ఆ వెనక మేనమామ బండి మీద తల్లి, ఇంకా నాలుగు మోటారు సైకిళ్లు. తాడు దగ్గర ఒక పెద్ద కారులోంచి ఎవరో అద్దం దించి యాదగిరిని గద్దించారు. “ఎవరి కోసం ఆపారయ్యా మమ్మల్ని? సీఎం కాన్వాయా?”

“కాదు సార్, అంతకంటె అర్జంటు,” అన్నాడు యాదగిరి.

హాఫ్ టైమ్‌లో అతిథి మైదానంలోకి వచ్చి ఆటగాళ్లతో చేతులు కలిపాడు. తరవాత ఆయనకు కారు సంగతి గుర్తు రాలేదు. పెళ్లివారు చేరారో లేదో నాకూ తెలియలేదు, ఎవరి ఫోనూ కలవలేదు. గేటు దగ్గర నిలబడి నాకు వచ్చిన స్తోత్రాలన్నీ మనసులోనే చదువుకున్నాను. ఆట అయ్యాక అందరికంటే ముందు మూడో నంబరు మైదానం నుంచి బయటపడింది ఆ ఎలక్ట్రిక్ కారే. న్యూట్రల్ వరస తీస్తేనే కదా వెనక వరస కదిలేది. వెళ్తూ అద్దం దించి, “పార్కింగ్ బాగుంది, కీప్ ఇట్ అప్,” అని యాదగిరిని మెచ్చుకున్నాడు.

పూల కారు కోసం శిరీష చిన్నాన్న వచ్చాడు. దండలు వాడిపోయి ఉన్నాయి. ఆయనను అడిగాను. “జీలకర్ర బెల్లం టైముకే పెట్టిన్రమ్మా. పిల్ల స్కూటీ దిగి సక్కగ పీటల మీదికే పోయింది. పిలగాడే వాళ్లోళ్ల కారుల వస్తుంటే ట్రాఫిక్‌ల ఇరుక్కొని, ఆఖరికి అద్ద కిలోమీటరు ఉరుక్కుంట వచ్చిండు,” అని చెప్పి కారు తీసుకెళ్లాడు. ఆ రాత్రి స్వామికి పెట్టిన దణ్ణంలో నాకంటూ ఏమీ కోరుకోలేదు.

తరవాతి వారం సమీక్ష జరిగింది. ఇన్‌బౌండ్ ఆపినందుకు నా మీద అభ్యంతరం నమోదైంది. నేను కాదనలేదు. ఎలక్ట్రిక్ కార్ల సమస్య కూడా చర్చకు వచ్చింది. తరవాతి మ్యాచ్ నుంచి ఎలక్ట్రిక్ కార్లున్న వీఐపీలకు ఆకుపచ్చ పాస్ ప్రత్యేకంగా ఇవ్వాలని తీర్మానించారు. జాగా మాత్రం పెంచలేదు.

నేను నా పరిధిలో రెండు మార్పులు చేశాను. తోస్తే కదలని బండిని, ఎవరిదైనా సరే, న్యూట్రల్ వరసలోకి రానివ్వలేదు. లోపలికి వచ్చే ప్రతి బండినీ పాస్ కంటే ముందు ఎప్పుడు బయటికి వెళ్లాలని అడగమని మార్షల్స్‌కి నేర్పాను. పార్కింగ్ ప్లాన్‌ని అందరూ గేటు దగ్గర మొదలుపెట్టి లోపలికి గీస్తారు. దాన్ని అందరికంటే ముందు వెళ్లాల్సిన మనిషి దగ్గర మొదలుపెట్టి బయటికి గీయాలి. ఇది నేను ఉద్యోగంలో చివరి ఏడాది నేర్చుకున్నాను.