పసుపు రాయని చేప

ఎస్తేరు టీచరమ్మ పరమపదించారన్న వార్త మా యారాడ ఒడ్డున అశనిపాతంలా పడింది. అప్పుడు వల దులుపుకుంటున్నాం. వలలోంచి తీసిన ప్లాస్టిక్ సీసా నా చేతిలోనే ఉంది. ఇక ఎవరికియ్యాలి?

పోయినవాళ్లందరినీ శాంతమూర్తులంటారు. ఈవిడ మొండిమనిషి. ఉక్కునగరంలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక, ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి వచ్చి మా ఒడ్డున చెత్త ఏరేవారు. సముద్రం కక్కిన సీసాలు, చెప్పులు, తెగిన నైలాను వలలే ఆమె శిల్పాలకు ముడిసరుకు. ఇనుప ఊచ కాల్చి, ప్లాస్టిక్ కమలకుండా అతికించడం ఆమె పనితనం. ఈ ముసలి వయసులో నాకు అక్షరాలు చెప్పిందీ ఆవిడే, చిరిగిన పాల ప్యాకెట్ల మీది పేర్లు చూపించి.

ఒక ఏడాది పడవంత చేపను చేసి ఒడ్డున నిలబెట్టారు. వేట మొదలయ్యే రోజులు. మా ఆడవాళ్లు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గంగమ్మ అని మొక్కారు. పూజ అందుకున్న బొమ్మను ఒడ్డున వదిలేయడం మాకు అపచారం. డప్పులతో తీసుకెళ్లి నడిసంద్రంలో కలిపేశాం.

ఆదివారం టీచరమ్మ వచ్చి, "చేపేది?" అన్నారు.

"సాగనంపీసేం టీచరమ్మా! అంత మర్యాద మా ఊళ్లో ఎవులికీ జరగనేదు" అంది మా మరదలు నూకాలమ్మ, గర్వంగా.

ఆవిడ ఇసుకలో కూలబడిపోయారు. "తప్పు నాదే నూకాలూ. బొమ్మ పెట్టాను గానీ, ఎందుకు పెట్టానో చెప్పలేదు. ఆ చేపను మళ్లీ నిలబెడతాను. వలలో పడిన చెత్త ఇక నీళ్లలోకి విసరకండి."

"సేపలకెల్తన్నామా, సెత్తకెల్తన్నామా బావా?" అని ఒకడు నన్నడిగాడు, ఆవిడకి వినబడేలా.

"రెండూ ఒక్క వలలోనే పడుతున్నాయి కదా నాయనా" అన్నారావిడ.

తోక వచ్చింది, నడుము వచ్చింది. అంతలో ఆవిడకి జబ్బు చేసింది. "తల ఒక్కటే మిగిలింది. అది పెట్టేదాకా పోను" అన్నారు చివరిసారి వచ్చినప్పుడు. మాట తప్పడం ఆవిడ ఎరగరు. మృత్యువే తప్పించింది.

చెత్త ఒడ్డుకి తేవడం మాకు అలవాటైపోయింది. కుప్ప పెరుగుతోంది. మొన్న నేనే ఊచ కాల్చి పట్టుకున్నాను. సీసా నల్లగా ముద్దయిపోయింది.

"ఒగ్గీ బావా, అది మన సేతికొచ్చే ఇద్దె కాదు" అంది నూకాలమ్మ.

నిన్న ఊరంతా ఆ తల లేని చేప ముందు నిలబడి చేతులు జోడించాం. పసుపు మాత్రం రాయనివ్వలేదు. రాస్తే గంగలో కలపాలి.