అప్పలసూరికి నచ్చని హెడ్డు

మా పక్కింటి మెకానిక్ అప్పలసూరికి ఒక జబ్బుండేది. ఏ వస్తువు చేతికిచ్చినా వేలి కణుపుతో టంగుమని తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపాగి, "బాగానే ఉంది గానీ, ఇది కాదు" అని తిరిగిచ్చేసేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి ఎందరో మొండిఘటాల్ని దారికి తెచ్చినవాణ్ని నేను. ఇతని దగ్గర మాత్రం చేతులెత్తేశాను.

కుండని తట్టాడంటే అర్థముంది. కొబ్బరికాయని తట్టాడన్నా అర్థముంది. జాలరిపేట నుంచి అప్పాయమ్మ చేపలు తెస్తే, వంజరాన్ని కూడా తట్టాడు మహానుభావుడు.

"సేపని తడతావేటయ్యా? అదేటి డోలా?" అంది అప్పాయమ్మ.

"మోత ఎలగుందో సూత్తన్నాను."

"అది బతికున్నప్పుడే మాటాడనేదు. సచ్చినాక నీతోటి మాటాడతాదా?"

అప్పలసూరి కళ్లు మూసుకున్నాడు. కాసేపాగాడు. "బాగానే ఉంది గానీ అప్పాయమ్మా, ఇది కాదు."

ఆ రోజు నుంచి అప్పాయమ్మ మా వీధిలోకి రావడం మానేసింది. చేపల కోసం నేను సందు చివరిదాకా నడవాల్సొచ్చింది. జబ్బు అతనిది, నడక నాది!

అతని భార్య గౌరీశ్వరిని అడిగితే ఇంకో కథ చెప్పేది. "పెళ్లిసూపుల్లో నన్ను సూసి కూడా అదే మాటనబోయినాడు మాస్టారూ. 'బాగానే ఉంది గానీ' అన్నాడో నేదో, మా అయ్య దుడ్డుకర్రందుకున్నాడు. అప్పుడు 'ఇదే, ఇదే' అన్నాడు. అతగాడి జీవితంలో ఒక్కపాలికే నచ్చింది నానే!"

ఇలాంటి మనిషికి పందెం పిచ్చి పట్టింది. 1984 నాటి సంగతి. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. కూర్మన్నపాలెం అవతల కొత్తగా రోడ్డొకటి వేశారు. గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఇంకా లారీలు తిరగడం మొదలుపెట్టలేదు. దాని మీద వచ్చే ఫిబ్రవరిలో కార్ల పందెం పెడతామని ఎవరో క్లబ్బు వాళ్లు బోర్డు కట్టారు. రెండేసి కార్లు పక్కపక్కన నిలబడాలి, జెండా ఊపగానే దూకాలి, పావు మైలు చివర ఎవరు ముందుంటే వాళ్లు గెలిచినట్టు. అంతే. మలుపుల్లేవు, బ్రేకుల్లేవు, మర్యాదల్లేవు.

పెద్ద వర్క్‌షాపు యజమాని శ్రీరామ్మూర్తి గారు పేరు రాయించడానికొచ్చి, మా అప్పలసూరిని అక్కడ చూసి నవ్వాడట. "ఇది ఇంజను తెలిసినవాళ్ల పందెమయ్యా. కంచరపాలెం షెడ్లవాళ్లు పంక్చర్లు వేసుకుంటే గౌరవంగా ఉంటుంది."

అప్పలసూరి అక్కడికక్కడే పేరు రాయించి ఇంటికొచ్చాడు. ఇక చూసుకోండి, అది మా కంచరపాలెం మొత్తానికీ పరువు సమస్య అయిపోయింది. ఓడితే శ్రీరామ్మూర్తి గారి మాట నిజమవుతుంది. గెలిస్తే ఆ మాట ఆయనే మింగాలి.

కారేమో పాత అంబాసిడర్. డ్రైవరు సీటు తప్ప లోపలున్నవన్నీ పీకేశాడు. పోర్టు వేలంలో కొన్న తుక్కులోంచి, ఏదో ఓడ జనరేటర్‌కి గాలి కొట్టే బ్లోయరొకటి తీసి దాని ఇంజనుకి బిగించాడు. స్టార్టు చేస్తే సింహాచలం ఘాటురోడ్డెక్కే ముసలి బస్సు గొల్లుమన్నట్టుండేది. మిగిలిందల్లా ఒక్కటే: ఇంజను మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్డు. మంచి హెడ్డు ఎంచుకోవాలి.

ఎంచుకోవాలి! అప్పలసూరి!

"ఏదో ఒకటి బిగించెయ్యవయ్యా" అన్నాను.

"అలగైతే ఎలగ మాస్టారూ? మామూలు ఇంజను గాలి తనే పీల్సుకుంటాది. బ్లోయరెడితే మనం గాలి కుక్కుతాం. ఇంటికొచ్చినోడికి కొసరి కొసరి వడ్డిత్తే ఏటవుద్ది?"

"తింటాడు."

"పొట్ట పెద్దదైతే తింటాడు. సిన్నదైతే కక్కుతాడు. ఇంజనుకి పొట్ట హెడ్డులో ఉంటాది. ఆ గది పెద్దదుండాల. పైగా హెడ్డు దిట్టంగా ఉండాల. పల్సటిదైతే ఆ ఒత్తిడికి వొంగిపోద్ది."

ఈ ముక్క మా సైన్సు మాస్టారు అచ్యుతరామయ్యకి చెబితే, ఆయన తన పాఠం పక్కన పెట్టి ఆ ఏడు పదో తరగతికి ఇదే చెప్పాడు.

ఊళ్లో టాక్సీలన్నీ అంబాసిడర్లే కాబట్టి ఏ టాక్సీ హెడ్డయినా ఇతని ఇంజనుకి సరిపోతుంది. అప్పలసూరి రోజూ టాక్సీ స్టాండుకి పోయి చేతులు నలుపుకుంటూ నిలబడేవాడు.

"సన్యాసిరాజు బావా, నీ హెడ్డు ఓపాలి ఇయ్యవా? పందేనికి పనికొస్తాదేమో సూత్తాను. రెండ్రోజులే. అందాకా నా పాత హెడ్డు నీ బండికి బిగిస్తాను."

సన్యాసిరాజు బీడీ తీసి చెవి మీద పెట్టుకుని, జమీందారులా తలాడించేవాడు. "ఏదో మనోడివని ఇత్తన్నాను. జాగర్త మరి!"

రెండు రోజులు పరీక్షలు. తట్టడం, చెవి పెట్టడం సరే. అద్దం పలక మీద బోర్లించి కింద వెలుతురు కనబడుతుందేమోనని చూడడం. కాంపౌండర్ని బతిమాలి తెచ్చిన సిరంజితో కిరసనాయిలు పోసి, పొట్ట ఎంతుందో కొలవడం. టార్చిలైటు పట్టేది నేను. మూడో రోజు తీర్పు.

"బాగానే ఉంది గానీ, ఇది కాదు. నీ మేలు మర్సిపోను బావా."

అతని హెడ్డు అతనికి బిగించి పంపేసేవాడు. సన్యాసిరాజు స్టాండులో కాలు మీద కాలేసుకుని, "నాను సాయం సెయ్యబట్టి గానీ నేకపోతే అప్పలసూరి ఏటైపోయుండునో" అని చెప్పుకునేవాడు. తర్వాత తవిటయ్య, జగ్గారావు, ఎల్లారావు... ఎనిమిది నెలల్లో ముప్పై ఏడు హెడ్లు. ముప్పై ఏడూ కాదు! ఊళ్లో ప్రతి డ్రైవరూ అప్పలసూరికి ఉపకారం చేసినవాడే. ప్రతివాడూ అతను ఎదురైతే గడ్డం కాస్త పైకెత్తేవాడే.

ఈ మధ్యలో ఊళ్లో దైవభక్తి కూడా పెరిగింది. సన్యాసిరాజు బండికి నల్లపొగ ఆగిపోయింది, బంపరుకి కట్టిన నిమ్మకాయ మహిమ అన్నాడు. తవిటయ్య బండి ఘాటు మీద నీళ్లు మరగకుండా ఎక్కేసింది, నూకాలమ్మ తల్లి దయ అన్నాడు. నేనూ నమ్మాను. నా సైకిలుకీ ఓ నిమ్మకాయ కట్టాను. చైను ఊడడం మానలేదు.

ఫిబ్రవరి రానే వచ్చింది. హెడ్డు కుదరలేదు. గడువు మీద పడేసరికి, టాక్సీలకి మారు ఇచ్చే ఆ పాత హెడ్డునే బిగించుకుని బయల్దేరాడు. డ్రైవర్లు ఓ పన్నెండుమంది టాక్సీలేసుకుని వచ్చారు. గౌరీశ్వరి డేగిశా నిండా పులిహోర తెచ్చింది. నేను మా డ్రిల్లు మాస్టారి స్టాపువాచీ తెచ్చాను.

పొద్దున్నే పరుగు చూసుకుందామని ఒకసారి తోలాడు. సగం దూరంలో ఫట్‌మంది. వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి. హెడ్డు నిలువునా చీలింది.

"గంటన్నర టైమిస్తాం. అప్పటికి సిద్ధంగా లేకపోతే పేరు కొట్టేస్తాం" అన్నారు క్లబ్బు వాళ్లు.

శ్రీరామ్మూర్తి గారు నల్లకళ్లద్దాలతో వచ్చి వంగి చూశాడు. "ఏమయ్యా, పంక్చరా?"

ఎనిమిది నెలల్లో ఎంచలేనివాడు గంటన్నరలో ఏం ఎంచుతాడు? బిగించేదెప్పుడు?

అప్పలసూరి తట్టలేదు. చెవి పెట్టలేదు. కళ్లయినా మూసుకోలేదు. "తవిటయ్యా, నీ హెడ్డియ్యి" అన్నాడు.

సన్యాసిరాజుకి రోషమొచ్చింది. "అదేటి బావా? తవిటయ్యదీ కాదన్నావు, నాదీ కాదన్నావు. ఇప్పుడతగాడిదెలగ పనికొచ్చింది?"

"నీది రెండుపాలీలు అడుగు సెక్కించీసినావు, పల్సబడిపోనాది, పొట్టా సిన్నదైపోనాది. తవిటయ్య పిసినారి. సెక్కించడానికి మనసొప్పనేదు. మందం అలగే ఉంది, పొట్టా అలగే ఉంది."

"నాను పిసినారినా?" అన్నాడు తవిటయ్య, బానెట్టు ఎత్తుతూనే.

నలుగురు పడి హెడ్డు ఊడదీశారు. సన్యాసిరాజు దాన్ని తిరగేసి, వాల్వుల మీద వేలు పెట్టి రుద్దాడు. "ఒరే తవిటయ్యా, వాల్వులు మార్పించినావేటి?"

"నానెక్కడ మార్పించినాను!"

"మరి ఇవేటి? ఎవుడో నూరి, అద్దంలాగ కూకోబెట్టినాడు."

తవిటయ్య చూశాడు. జగ్గారావు చూశాడు. ఎల్లారావు చూశాడు. అందరూ ఎవరి బండి వైపు వాళ్లు తిరిగి, పొగ ఎప్పుడాగిందో, ఘాటు ఎప్పుడెక్కిందో వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటున్నారు. నిమ్మకాయలన్నీ బంపర్ల కింద సిగ్గుతో వేలాడుతున్నాయి.

"ఆ మనిసి ఒక్క హెడ్డయినా ఎలగిచ్చింది అలగే తిరిగిచ్చినాడేటి?" అంది గౌరీశ్వరి, పులిహోర గరిటె పట్టుకునే. "పోర్టు సామానంతా ఎవుల బళ్లలోకి పోనాదనుకున్నారు?"

"మరి సెప్పొచ్చు కదొదినా!"

"సెప్తే సేయించుకుంటారేటి మీరు? కిందటేడు జగ్గారావుకి ఊరికే సేసినాడు. నానేటి బిచ్చగాణ్నా అని నెల్రోజులు మాటాడనేదు. అందుకే మిమ్మల్నే అడుక్కుందామనుకున్నాడు."

జగ్గారావు మెడ గోక్కున్నాడు.

"ఎనిమిది నెల్లు పక్కనే కూకుని మీరూ సూడనేదా మాస్టారూ?" అని అందరూ నా మీద పడ్డారు. ఏం చెప్పను? తీర్పు ముందు రోజు నన్ను టీ తెమ్మని సందు చివరికి పంపేవాడు. టీ వేడిగా ఉండాలనేవాడు, ఇంకోసారి కాయించమనేవాడు. నేనొచ్చేసరికి పనైపోయేది. టీ మాత్రం, "బాగానే ఉంది గానీ, ఇది కాదు."

"కబుర్లాపి స్పానరందుకోండెహె!" అని ఇంజను లోపల్నుంచి అరిచాడు అప్పలసూరి. చెవులు ఎర్రగా కందిపోయున్నాయి.

ఆ తర్వాత నేను చూసిన పని నా జన్మలో చూడలేదు. పన్నెండుమంది డ్రైవర్లు, ఇరవై నాలుగు చేతులు, ఒక్క బానెట్టు! ఒకడు గాస్కెట్టు, ఒకడు బోల్టులు, ఒకడు నీళ్లు, గౌరీశ్వరి ఒక్కొక్కడి నోట్లో పులిహోర ముద్ద. గంటా ఇరవై నిమిషాలకి బ్లోయరు గొల్లుమంది.

శ్రీరామ్మూర్తి గారి కారు హెడ్డు పైవూరి నుంచి తెప్పించింది, వెండి గిన్నెలా మెరుస్తోంది. బలం పెరగాలని దాన్ని కూడా పల్చగా చెక్కించారు, దాని మీద బ్లోయరు. అంటే చిన్న పొట్టకి కొసరి వడ్డన! జెండా ఊగింది. సగం దాకా ఆయనే ముందు. ఆ తర్వాత ఆ ఇంజను టకటకా కొట్టుకుని కక్కడం మొదలుపెట్టింది. మా అంబాసిడర్ ఆవులిస్తూ లేచినట్టు లేచి, బానెట్టంత ముందుకొచ్చి గీత దాటింది.

"ఎన్ని సెకన్లు మాస్టారూ?" అని అరిచాడు ఎల్లారావు.

వాచీ చూస్తే ఇంకా తిరుగుతోంది. గంతులేస్తూ ఆపడం మర్చిపోయాను. నా లెక్క ప్రకారం మా అప్పలసూరి పావు మైలుని నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లలో దాటాడు. అయినా ఆ రోజంత గర్వం నాకు నా శిష్యులు జిల్లా ఫస్టొచ్చినప్పుడు కూడా కలగలేదు. శ్రీరామ్మూర్తి గారు వచ్చి చెయ్యి చాపాడు. "హెడ్డు ఎక్కడిదయ్యా?" అనడిగాడు. తవిటయ్య ముందుకొచ్చి, "నాదే" అన్నాడు, ఛాతీ పగిలిపోయేలా.

ఆ తర్వాత నాలుగు రోజులు డ్రైవర్లెవరూ షెడ్డు వైపు రాలేదు. మళ్లీ మాటలు మానేశారేమోనని నాకు భయమేసింది. ఐదో రోజు జగ్గారావు వచ్చాడు. చంకలో గోనెపట్టా చుట్టిన హెడ్డు. మొహం గంభీరంగా పెట్టి దాన్ని బల్ల మీద దింపాడు.

"వచ్చే ఏడు పందేనికి హెడ్డు దొరక్క నువ్వు ఇబ్బంది పడతన్నావంట. పోనీలే మనోడు కదా అని తెచ్చినాను. సూసుకో."

అప్పలసూరి దాన్ని తట్టాడు. చెవి పెట్టాడు. "బాగా సూడాల బావా. రెండ్రోజులొగ్గీ."

"నాలుగుంచుకో. వాల్వుల కాడ కూడా సూడు. పందేనికే సుమా!"

"పందేనికే, పందేనికే. మరెందుకూ?"

ఇద్దరి మొహాల్లోనూ ఒక్క నరం కదల్లేదు. జగ్గారావు వెనక, గుమ్మం దగ్గర, ఎల్లారావు ఇంకో గోనెపట్టాతో వరసలో నిలబడి ఉన్నాడు.

మరుసటేడు ఆ రోడ్డు మీద ఇనుము మోసే లారీలు దిగాయి. పందెం మళ్లీ జరగనే లేదు. దానికి హెడ్డు ఎంచే పని మాత్రం నేను రిటైరయ్యే నాటికి కూడా ఇంకా తేలలేదు.